సిమ్కో సరస్సు మీద ఒక శనివారం: మంచు కింద వైట్‌ఫిష్ పట్టడం ఎలా?

జనవరి రెండో వారం వచ్చిందంటే నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, మేం నలుగురం సిమ్కో వెళ్దామనుకుంటున్నాం, ఏమేం తెచ్చుకోవాలి?" "ఐస్ ఎంత మందం ఉంటే భయం లేదు?" "పోయినసారి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాం, ఒక్కటీ పడలేదు, ఎందుకంటావ్?" ఒక్కొక్కరికీ విడివిడిగా రాసి రాసి విసుగొచ్చింది. సిమ్కో అంటే టొరంటోకి ఉత్తరాన, చలికాలం గడ్డకట్టే పెద్ద సరస్సు. ఆ ఐస్‌కి రంధ్రం వేసి, కింద లోతులో ఉండే వైట్‌ఫిష్ అనే చేపను పట్టడం గురించి ఈసారి అంతా ఒకచోట రాసి పెడుతున్నాను. టొరంటో, బ్రాంప్టన్, మిస్సిసాగా వైపు ఉంటూ, స్నేహితులతో ఒక రోజు సిమ్కో మీద గడపాలనుకునేవాళ్లకి ఇది.

నేను కొల్లేరు పక్క ఊళ్లో పెరిగాను. గాలం నాకు కొత్త కాదు. అయినా ఇక్కడ మొదటి చలికాలం ఆరు గంటలు కూర్చుని ఖాళీ బకెట్‌తో ఇంటికొచ్చాను. కొల్లేట్లో నడుంలోతు నీళ్లు. కొర్రమీను ఎర మింగిందంటే బెండు బుడుంగున మునిగేది, మనం ఒక్క గుంజు గుంజేవాళ్లం. వైట్‌ఫిష్ ఆ పని చేయదు. 20, 25 మీటర్ల అడుగున నేల మీదున్న ఎరను మెల్లగా నోట్లోకి తీసుకుని పైకి లేస్తుంది. అంటే చేప పడినప్పుడు లైన్ (గాలం దారం) బిగుసుకోదు, సడలుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఆ రోజు ఎన్ని చేపల్ని పోగొట్టుకున్నామో! కింద రాసినదాంట్లో ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఇది గుర్తుంచుకోండి.

ఎప్పుడు, ఎక్కడ

సిమ్కో విస్తీర్ణం 722 చదరపు కిలోమీటర్లు, అన్నిటికన్నా లోతైన చోట 41 మీటర్లు. అంత పెద్ద సరస్సు ఒక్క రాత్రిలో గడ్డకట్టదు. దక్షిణాన కుక్స్ బే లోతు తక్కువ కాబట్టి ముందు అదే గడ్డకడుతుంది. అక్కడ పెర్చ్ అనే చిన్న చేపలు దొరుకుతాయి. మనక్కావలసిన వైట్‌ఫిష్ లోతు చోట్ల ఉంటుంది. జాక్సన్స్ పాయింట్ ఎదురుగా, ఇన్నిస్‌ఫిల్ వైపు, బారీ ముందున్న కెంపెన్‌ఫెల్ట్ బేలో వెతకాలి. ఆ లోతు నీళ్ల మీద నమ్మదగిన ఐస్ రావడానికి చాలా ఏళ్లు జనవరి చివరిదాకా ఆగాలి. 2023–24 చలికాలంలాగా వెచ్చగా ఉంటే ప్రధాన సరస్సు మీద మంచి ఐస్ ఏర్పడదు. అలాంటి ఏడాది బుద్ధిగా ఇంట్లో కూర్చోవడమే. "సెలవు పెట్టేశాం కదా, పోనీలే వెళ్దాం" అనేవాడు గుంపులో ఒకడు తప్పకుండా ఉంటాడు. వాడి మాట వినకండి.

ముందు లైసెన్స్ సంగతి

18 నుంచి 64 ఏళ్ల మధ్య ఉన్న ఒంటారియో వాసులకి ఔట్‌డోర్స్ కార్డ్, దానితో పాటు ఫిషింగ్ లైసెన్స్ ఉండాలి. లైసెన్స్‌లో స్పోర్ట్, కన్సర్వేషన్ అని రెండు రకాలు. రెండోది చవక, పట్టుకోగలిగే చేపల లెక్కా తక్కువే. సిమ్కోలో వైట్‌ఫిష్ రోజుకి మనిషికి స్పోర్ట్ మీద రెండు, కన్సర్వేషన్ మీద ఒకటి. సీజన్ తేదీలు, లెక్కలు మారుతుంటాయి. కాబట్టి బయల్దేరే ముందు ఆ ఏడాది ఒంటారియో ఫిషింగ్ రూల్స్ పుస్తకంలో సిమ్కో ఉండే 16వ జోన్, అందులో సిమ్కోకి ప్రత్యేకంగా రాసినవి ఒకసారి చదవండి. పది నిమిషాల పని.

ఫిబ్రవరిలో ఫ్యామిలీ డే వారాంతంలో కెనడా వాసులు లైసెన్స్ లేకుండానే పట్టవచ్చు. గుర్తింపు కార్డు జేబులో ఉంటే చాలు, లెక్క మాత్రం కన్సర్వేషన్‌దే వర్తిస్తుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఇది మంచి అవకాశం. ఆ రోజుల్లో సరస్సు మీద తిరనాళ్లలా ఉంటుందనుకోండి, అది వేరే సంగతి.

మనవాళ్లు ఎక్కువగా పొరబడే చోటు ఒకటుంది. 65 దాటితే లైసెన్స్ అక్కర్లేదన్న మాట ఇక్కడ నివాసం ఉండేవాళ్లకి. రెండు నెలల కోసం విజిటర్‌గా వచ్చిన నాన్నగారి చేతికి గాలం ఇవ్వాలంటే ఆయన పేరు మీద నాన్-రెసిడెంట్ లైసెన్స్ తీసుకోవాలి. ఆయన పక్కన కూర్చుని టీ తాగుతూ సలహాలిస్తానంటే ఏ లైసెన్సూ అక్కర్లేదు.

హట్ అద్దెకా, సొంతంగానా?

మొదటిసారి అయితే మారుమాట లేకుండా హట్, అంటే చేపలు పట్టడానికి ఐస్ మీద నిలబెట్టే చిన్న గది, అద్దెకు తీసుకోండి. సరస్సు చుట్టూ ఊళ్లలో ఇదే వ్యాపారంగా నడిపేవాళ్లున్నారు. ఐస్ మందం వాళ్లే రోజూ కొలుస్తారు, స్నోమొబైల్ వెనక బండి కట్టో గొలుసు చక్రాల వాహనంలోనో హట్ దాకా తీసుకెళ్తారు. లోపల హీటర్, తవ్వి ఉంచిన రంధ్రాలు ఉంటాయి. నలుగురు పంచుకుంటే భారం కాదు.

బుక్ చేసేటప్పుడు ఫోన్‌లో నాలుగు ప్రశ్నలు అడగండి: హట్ ఎంత లోతు నీళ్ల మీద ఉంది? అది వైట్‌ఫిష్ హటా, పెర్చ్ హటా? కార్బన్ మోనాక్సైడ్ (హీటర్ నుంచి రాగల, వాసన లేని విషవాయువు) అలారం ఉందా? గాలి ఎక్కువై రద్దయితే డబ్బులు వెనక్కిస్తారా? మొదటి ఏడాది మేం ఏమీ అడగకుండా బుక్ చేశాం. తీరా వెళ్తే నాలుగు మీటర్ల లోతు మీద కూర్చోబెట్టారు. అక్కడ వైట్‌ఫిష్ కోసం వారం రోజులు కూర్చున్నా రాదు. అడగలేదు కాబట్టి వాళ్లు చెప్పలేదు, మనకు తెలియదు కాబట్టి మనం అడగలేదు.

రెండు మూడుసార్లు అయ్యాక సొంత టెంట్‌తో వెళ్లొచ్చు. మడిచి తీసుకెళ్లే గుడ్డ టెంట్ 7 చదరపు మీటర్ల లోపుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

ఏమేం కావాలి

ఒంటి మీదికి: లోపల ఉన్ని లేదా సింథటిక్ బనియన్, పైజామా. దాని మీద ఫ్లీస్, ఆపైన గాలి చొరని కోటు, స్నో ప్యాంట్. కాటన్ వద్దు, జీన్స్ అసలే వద్దు. చెమటకి తడిసిన కాటన్ ఒంట్లో వేడి లాగేస్తుంది. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకుని ఉన్ని సాక్స్ వేసుకోండి. బిగుతు బూట్లలో రెండు జతల సాక్స్ వేస్తే రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. చేతి తొడుగులు రెండు జతలు కావాలి, ఒక జత తడవడం ఖాయం. బూట్ల కిందికి ముళ్ల పట్టీలు. గాలి వేగం కలుపుకుని లెక్కగట్టిన చలి మైనస్ 28 దాటితే బయటికి కనిపించే చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. ముఖం కప్పుకునేది ఏదో ఒకటి ఉండాలి.

ప్రాణానికి: మెడలో వేలాడేసుకునే ఐస్ పిక్స్, అంటే తాడుకు కట్టిన, కొనకి మేకు ఉన్న రెండు పిడులు. 15 మీటర్ల తేలే తాడు. ఈల. నిండా ఛార్జ్ చేసి లోపలి జేబులో పెట్టుకున్న ఫోన్ (బయటి జేబులో చలికి బ్యాటరీ చచ్చిపోతుంది). వీలైతే నీటిపై తేలే సూట్. సొంతంగా నడిచి వెళ్లేవాళ్లకి స్పడ్ బార్ తప్పనిసరి. మన గడ్డపార లాంటిదే అనుకోండి.

చేపలకి: 28 నుంచి 36 అంగుళాల ఐస్ రాడ్ (పొట్టి గాలం కర్ర), కొన మెత్తగా వంగేది, దానికి లైన్ చుట్టే రీల్. 6 లేదా 8 పౌండ్ల బరువు ఆపే లైన్. కొనకి ఒక మీటరు ఫ్లోరోకార్బన్ లీడర్ (గాలం వైపు విడిగా కట్టే దారం), రెండింటి మధ్య చిన్న స్వివెల్ (లైన్ మెలిపడకుండా తిరిగే కడియం). ఔన్సులో పావు వంతో, ఎనిమిదో వంతో బరువున్న వెండి, బంగారు రంగు స్పూన్లు, అంటే గాలం తగిలించిన మెరిసే లోహపు ఎరలు, మూడు నాలుగు. రెండంగుళాల రబ్బరు పురుగులు. చిన్న గాలాలు, సన్న ముక్కు పట్టకారు. లోతు కొలిచే క్లిప్ సీసం, టేపు. మంచు తీయడానికి జల్లెడ గరిటె విడిగా అమ్ముతారు కానీ ఇంట్లో బూరెలు తీసే పాత చిల్లుల గరిటె ఉంటే అదే పట్టుకెళ్లండి, నేను అదే వాడతాను. సొంతంగా వెళ్తే 8 అంగుళాల ఆగర్ (ఐస్‌కి రంధ్రం వేసే బర్మా). సోనార్ (నీళ్లలో లోతు, చేపలు చూపించే యంత్రం) ఉంటే పని తేలికవుతుంది, లేకపోయినా చేపలు పడతాయి.

ఎర: ఉప్పులో వేసిన పరిగెలు. సరస్సు దగ్గరి దుకాణంలోనే కొనండి, రసీదు దాచండి. ప్రభుత్వం గీసిన ఒక ఎర జోన్‌లో కొన్న చేప ఎరను ఇంకో జోన్‌కి తీసుకెళ్లడం నిషేధం. మిగిలినది, డబ్బాలో నీళ్లతో సహా, సరస్సులో గానీ ఒడ్డుకి 30 మీటర్ల లోపు గానీ పారబోయకూడదు.

తిండి: థర్మాస్‌లో టీ, వెడల్పు మూతి ఫ్లాస్క్‌లో వేడి ఉప్మా లేదా పప్పన్నం. వేరుశనగ అచ్చులు. పులిహోర పట్టుకెళ్తే మధ్యాహ్నానికి గులకరాళ్లు తిన్నట్టుంటుంది. మంచినీళ్ల సీసా తలకిందులుగా పెట్టండి, గడ్డకట్టినా మూతి వైపు నీళ్లుంటాయి. మందు వద్దు. ఒంట్లో వెచ్చగా ఉన్నట్టనిపిస్తుంది కానీ నిజానికి వేడి ఇంకా తొందరగా పోతుంది. ఐస్ మీద మత్తులో ఉన్నవాడిని చూసుకోవడం మిగతా ముగ్గురికీ పెద్ద టెన్షన్.

ఇక పని మొదలు

1. ముందు రోజు రాత్రి సగం పని ముగించండి. మైనస్ పదిహేనులో వేళ్లు ముడి వేయలేవు. స్పూన్లు, లీడర్లు ఇంట్లోనే కట్టుకోండి. లైన్‌ని గాలం కన్నంలోంచి తీసి, దాని చుట్టూ దాన్నే ఐదారు చుట్లు తిప్పి, చివరను కన్నం పక్కన ఏర్పడ్డ మడతలోంచి దూర్చి, ఉమ్మితో తడిపి, మెల్లగా బిగించండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి లైన్ బలహీనపడుతుంది. పరీక్ష: గాలాన్ని గుడ్డతో పట్టుకుని గట్టిగా లాగండి. ముడి జారితే ఇప్పుడే జారనివ్వండి. గాలం కొన బొటనవేలి గోరు మీద పెట్టి తోస్తే గుచ్చుకుని ఆగాలి, జారిపోతే సాన పట్టండి. రీల్ డ్రాగ్ (చేప లాగితే లైన్‌ని వదిలే బిగింపు) వదులుగా పెట్టి, చేత్తో లాగితే లైన్ సాఫీగా వస్తోందా చూడండి. ఆ తర్వాత గాలి ఎటునుంచి వీస్తుందో, ఎంత వేగమో చూడండి. పెద్ద గాలికి ఐస్ పలక ఒడ్డు నుంచి విడిపోయి మధ్యలో నీళ్లు తేలవచ్చు. చివరగా, ఎక్కడ ఉంటారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లోవాళ్లకి చెప్పండి.

2. తెల్లవారకముందే బయల్దేరండి. బ్రాంప్టన్ నుంచి 400 మీదుగా ఇన్నిస్‌ఫిల్, బారీకి గానీ, 404 చివరిదాకా వెళ్లి అక్కణ్ణుంచి జాక్సన్స్ పాయింట్‌కి గానీ గంటా గంటన్నర. మంచు పడుతుంటే ఇంకా ఎక్కువ. పొద్దున మొదటి రెండు గంటలు మంచి సమయం, దాన్ని హైవే మీద పోగొట్టుకోకండి.

3. ఐస్‌ని నమ్మే ముందు కొలవండి. హట్ వాళ్లతో వెళ్తే ఈ పని వాళ్లది. సొంతంగా వెళ్తే మీది. స్పడ్ బార్‌తో ముందు గట్టిగా పొడుస్తూ నడవండి. ఒక్క పోటుకే నీళ్లొస్తే వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి. ప్రతి 30, 40 అడుగులకి (సుమారు పది మీటర్లకి) ఒక రంధ్రం వేసి టేపుతో మందం చూడండి. నీలంగా, నల్లగా కనిపించే గట్టి ఐస్ కనీసం 10 సెంటీమీటర్లుంటే ఒక మనిషి నడవచ్చంటారు. నలుగురు సామానుతో వెళ్లేటప్పుడు 15 లోపుంటే నేనైతే కాలు పెట్టను. తెల్లగా పాలలా ఉన్న ఐస్‌కి బలం సగమే కాబట్టి రెట్టింపు మందం కావాలి. కారు మాత్రం ఒడ్డునే ఉంచండి.

వాగులు కలిసే చోట్లు, డాకుల చుట్టుపక్కల, పగుళ్లు పైకి లేచిన గీతల దగ్గర మందం ఎంతున్నా నమ్మొద్దు. ఒరిల్లియా దగ్గర అథర్లీ ఇరుకు వైపు అసలు పోవద్దు, అక్కడ కింద నీళ్లు పారుతుంటాయి. ఆ పారే నీళ్లలోనే ఇక్కడి మూలవాసులు దాదాపు 5,000 ఏళ్ల కిందట కొయ్యలు పాతి చేపల కంచెలు కట్టారు, మ్నజికానింగ్ కంచెలంటారు. చేపలకి మంచి చోటే, ఐస్‌కి మాత్రం కాదు.

ఐస్ మీద ఉండగా కింద నుంచి ఢమ్మని, కుయ్యిమని శబ్దాలు వస్తాయి. ఐస్ సాగుతూ కుంచించుకుంటూ చేసే చప్పుడది, గుండె ఆగినంత పనవుతుంది కానీ ఆ ఒక్కదానికే పరిగెత్తక్కర్లేదు. కాళ్ల కింద కొత్త పగులు తెరుచుకుని నీళ్లు పైకొస్తే మాత్రం వెంటనే సర్దేయండి.

ఎవరైనా పడిపోతే: 1-10-1 అని గుర్తుంచుకోండి. ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం. కాళ్లు చేతులు చెప్పిన మాట వినేది 10 నిమిషాలు. స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. అంటే కంగారు పడకుండా పని చేయడానికి సమయం ఉంది. వచ్చిన దిక్కుకే తిరగండి, ఎందుకంటే అక్కడి ఐస్ మిమ్మల్ని మోసింది. పిక్స్ ఐస్‌లో గుచ్చి, ఈత కొట్టినట్టు కాళ్లు తన్నుతూ పొట్ట మీద పైకి జరగండి. పైకొచ్చాక లేచి నిలబడకుండా దొర్లండి. స్నేహితులు దగ్గరికి పరుగెత్తకూడదు. పడుకుని తాడు విసరాలి, ఒకరు 911కి ఫోన్ చేయాలి.

4. రంధ్రాలు. ఆగర్‌ని నిటారుగా పట్టి, బరువు వేయకుండా తిప్పండి. నీళ్లు తగలగానే ఒక్కసారి పైకి లాగితే తురుము కూడా వచ్చేస్తుంది. మిగతాది గరిటెతో తీయండి. మనిషికి మనిషికి మూడు నాలుగు మీటర్ల ఎడం ఉండాలి. రంధ్రం అంచు చేత్తో తడిమి చూడండి, పదునుగా ఉంటే కొట్టేయండి. చేపను పైకి తెచ్చేటప్పుడు లైన్ తెగేది అక్కడే. వదిలేసిన రంధ్రం పక్కన మంచు కుప్ప పెట్టండి, చీకట్లో ఎవరి కాలైనా దిగబడుతుంది.

గుడ్డ టెంట్‌లో ప్రొపేన్ హీటర్ పెడితే పైనా కిందా గాలి ఆడే కిటికీ తెరిచే ఉంచాలి. తలనొప్పి, వికారం, నిద్రమత్తు వస్తే అది చలి వల్ల అనుకోకండి, హీటర్ విషవాయువు కావచ్చు, బయటికి రండి.

5. లోతు కొలవండి. ఈ అడుగు దాటేసేవాళ్లే ఎక్కువ. వైట్‌ఫిష్ తినేది నేల మీదుండే పురుగులు, నత్తలు, చిన్న రొయ్య జాతి జీవులు. దాని నోరు కిందికి వంగి ఉండేది అందుకే. మీ ఎర నేలకి రెండు మీటర్లు పైన వేలాడుతుంటే దానికి పట్టదు. క్లిప్ సీసం గాలానికి తగిలించి దింపండి. లైన్ సడలగానే నేల తగిలినట్టు. బిగువు వచ్చేదాకా చుట్టి, నీటి మట్టం దగ్గర లైన్ మీద మార్కర్‌తో గీత పెట్టండి. 18 నుంచి 30 మీటర్లుంటే సరైన చోటే ఉన్నారు. అంతకన్నా తక్కువుంటే చోటు మార్చండి.

6. రెండు లైన్లు. ఐస్ మీద మనిషి రెండు లైన్లు వేయవచ్చు, కానీ రెండూ 60 మీటర్ల లోపు, మీ కంటికి కనిపిస్తూ ఉండాలి. ఒక దాంట్లో స్పూన్ ఆడిస్తారు. రెండో దాంట్లో ఉప్పు పరిగెను గాలానికి గుచ్చి, నేల మీద గానీ జానెడు ఎత్తున గానీ కదలకుండా ఉంచుతారు. స్పూన్ చప్పుడు చేపను పిలుస్తుంది, చాలాసార్లు వచ్చిన చేప పక్కన కదలకుండా ఉన్న పరిగెను తీసుకుంటుంది. పరిగె చిన్నదే కావాలి, చిటికెన వేలంత. వేళ్లకి పెట్రోలు వాసన ఉంటే ముందు కడుక్కోండి.

7. ఆడించడం. స్పూన్‌ని నేలకి వదిలి మూడు నాలుగు సార్లు టప టప కొట్టండి. కింద బురద పొగలా లేస్తుంది, ఏదో పురుగు కదిలిందని చేప చూడ్డానికొస్తుంది. అప్పుడు జానెడు ఎత్తి ఆపండి. పది, ఇరవై లెక్కపెట్టండి. రాడ్ కొన వణికీ వణకనట్టు కదిపి మళ్లీ ఆపండి. మనవాళ్లు ఇక్కడే ఓపిక కోల్పోతారు. కవ్వంతో చిలికినట్టు పొద్దుగూకులూ ఎత్తీ దించీ చేస్తుంటారు. వైట్‌ఫిష్ ఎరను అందుకునేది స్పూన్ ఆగినప్పుడు. గంటసేపు ఏమీ లేకపోతే ముందు రంగు మార్చండి, తర్వాత సైజు తగ్గించండి, ఆ తర్వాతే చోటు.

8. కాటు గుర్తుపట్టడం. స్పూన్ బరువుకి రాడ్ కొన కొద్దిగా వంగి ఉంటుంది. దాన్నే చూడండి, ఫోన్‌ని కాదు. ఆ కొన ఉన్నట్టుండి నిటారుగా లేచిందా, లైన్ వదులై వంకర తిరిగిందా? చేప నోట్లో ఉంది. గుంజొద్దు! దాని పెదాలు కాగితంలా మెత్తగా ఉంటాయి, గుంజితే చిరిగి గాలం ఊడొస్తుంది. సడలిన లైన్‌ని గబగబా చుట్టి, బరువు తెలియగానే మణికట్టుతో మెల్లగా పైకెత్తండి. అంతే.

పరీక్ష కావాలా? ఇంట్లో రాడ్‌ని బల్ల అంచున పెట్టి, స్పూన్ వేలాడదీసి, కింద నుంచి అరచేత్తో దాన్ని మెల్లగా పైకెత్తమని మీ పిల్లలకి చెప్పండి. కొన ఎలా లేస్తుందో చూడండి. పదిసార్లు చూస్తే సరస్సు మీద కన్ను పట్టేస్తుంది. మా బావమరిది ఈ సాధనను చూసి నవ్వాడు. ఆ శనివారం వాడికి నాలుగు కాట్లు వచ్చాయి, చేతికి వచ్చిన చేపలు సున్నా.

9. పైకి తేవడం. కిలోన్నర, రెండు కిలోల చేప 25 మీటర్ల నుంచి వస్తుంటే తొందర పనికిరాదు. అది చుట్లు తిరుగుతుంది, దొర్లుతుంది. పక్కవాళ్లు వెంటనే తమ లైన్లు చుట్టేయాలి, ఇది ముందే మాట్లాడుకోండి. లేకపోతే నాలుగు లైన్లూ జడలా అల్లుకుపోతాయి, ఆ చిక్కు తీయడంతోనే పొద్దుపోతుంది. అది లాగితే డ్రాగ్‌ని వదలనివ్వండి, ఆగితే చుట్టండి. చాలా చేపలు తప్పించుకునేది రంధ్రం మూతి దగ్గరే. తల పైకి తిరిగేదాకా ఆగి, లైన్ పట్టి ఎత్తకుండా, తడి చేతిని నీళ్లలో పెట్టి కింద నుంచి తోడినట్టు బయటికి తీయండి. తొడుగు తీసేయడం మరిచిపోవద్దు.

10. ఏ చేపో చూడండి. వెండి రంగు ఒళ్లు, పెద్ద పొలుసులు, వీపు మీద తోక దగ్గర చిన్న కండ రెక్క, ముట్టె కిందికి చిన్న నోరు ఉంటే వైట్‌ఫిష్. కింది దవడ ముందుకొచ్చి నోరు సూటిగా ఉంటే అది లేక్ హెర్రింగ్. ముదురు ఒంటి మీద లేత చుక్కలు, పెద్ద నోరు, పళ్లు ఉంటే లేక్ ట్రౌట్. వాటిని విడిగా లెక్కపెడతారు. గుంపులో ఒకడు ఫోన్‌లో ఫొటోలు దాచుకుని ఉంటే వాదనలుండవు.

వదిలేయాలనుకుంటే ఐస్ మీద పెట్టకండి, మైనస్ పదిహేనులో కళ్లు, మొప్పలు క్షణాల్లో గడ్డకడతాయి. నీళ్లలోనే గాలం తీసి, తల కిందికి పెట్టి వేగంగా వదలండి. అంత లోతు నుంచి వచ్చిన చేప అలసిపోయి ఉంటుంది. అందుకే లెక్క పూర్తయ్యాక సరదాకి పట్టి వదలడం నాకు నచ్చదు. రాడ్లు పక్కన పెట్టి పేకాట ఆడుకోండి.

11. తిరిగి రావడం. వెలుతురుండగానే నాలుగింటికి సర్దడం మొదలుపెట్టండి. పొట్ట శుభ్రం చేయవచ్చు కానీ ముక్కలు కోయకండి. దారిలో ఆఫీసర్ ఆపితే ఏ జాతో, ఎన్నో తెలిసేలా చేప ఉండాలి. పేగులు, ఎర, చెత్త అన్నీ సంచిలో వేసి ఇంటికి తెచ్చుకోవాలి.

చేప పడకపోతే ఏం చూడాలి

"ఏం తప్పు చేశాం?" అని అడిగేవాళ్లకి నేను తిరిగి అడిగేవి ఇవే.

కాట్లు వచ్చాయా, రాలేదా? వచ్చి ఊడిపోతే మీరు గుంజుతున్నారు, లేదా గాలం మొద్దుబారింది. అసలు రాకపోతే లోతు తప్పు, లేదా స్పూన్ పెద్దది. పరిగె తోక మాత్రమే కొరికి ఉంటే అక్కడ పెర్చ్‌లున్నాయి. లైన్ స్ప్రింగులా చుట్టలు తిరిగి ఉంటే కొన చూపే కబురు మీకు అందదు. స్వివెల్ పెట్టండి, లేదా లైన్ మార్చండి. రాడ్ రింగుల్లో మంచు పేరుకుంటే లైన్ ఆగిపోతుంది. దాన్ని వేళ్లతో నలపండి, కొట్టి రాలగొడితే కొన విరుగుతుంది. ఇక బూట్లతో ధబధబ నడవడం, పాటలు పెద్దగా పెట్టడం గురించి: చప్పుడుకి ఎంత బెదురుతాయో కచ్చితంగా చెప్పలేను గానీ, మా గుంపులో మూలన మౌనంగా కూర్చునే ఒకాయనకే ప్రతిసారీ మొదటి చేప పడుతుంది.

ఇంటికొచ్చాక

వైట్‌ఫిష్ మాంసం తెల్లగా, నూనెగా, చాలా మెత్తగా ఉంటుంది. పులసలా ముళ్ల బెడద లేదు, నడుమ వరసగా చిన్న ముళ్లుంటాయి, పట్టకారుతో లాగేయొచ్చు. వేపుడికి చాలా బాగుంటుంది. తోలుతోనే ముక్కలు కోసి, కారం, పసుపు, ఉప్పు, నిమ్మరసం పట్టించి, తోలు వైపు ముందు పెనం మీద వేయండి. పులుసు పెట్టాలంటే చింతపండు పులుసు పూర్తిగా మరిగి చిక్కబడ్డాకే ముక్కలు వేయండి, ఏడెనిమిది నిమిషాలు చాలు. గరిటె పెట్టారా, ముక్కలు కనిపించవు. గిన్నెను రెండు చేతులా పట్టి తిప్పండి. ఉడికిందో లేదో చూడ్డానికి మందమైన ముక్కలో థర్మామీటర్ పెడితే 70 డిగ్రీలు చూపించాలి. అది లేకపోతే ఫోర్క్‌తో తడితే రేకులుగా విడిపోవాలి. పచ్చిగా తినొద్దు, మంచినీటి చేపల్లో పరాన్నజీవులుండవచ్చు. గర్భిణులు, చిన్నపిల్లలు ఎంత తినవచ్చో ఒంటారియో ప్రభుత్వం చేపలవారీగా, సరస్సువారీగా ప్రకటిస్తుంది, అందులో సిమ్కో చూసుకోండి.

తినేముందు ఒక పని. టెంట్, రాడ్లు, తాడు బేస్‌మెంట్‌లో ఆరేయండి. తడి టెంట్‌ని సంచిలో కుక్కి గ్యారేజీలో పడేస్తే వచ్చే శనివారానికి బూజు వాసన, గడ్డకట్టిన జిప్పు. రీల్ డ్రాగ్ పూర్తిగా వదులు చేయండి. వాడిన లీడర్ కత్తిరించి పారేసి, కొత్తది అప్పుడే కట్టి పెట్టుకోండి.